నాలుగో సెకనుకి ఆగిపోతోందా? విప్పండి!

రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. మా మేనల్లుడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"మావయ్యా, ఎస్‌ఎంపీఎస్ పోయింది. కొత్తదే, పోయింది."

"పోయిందని ఎలా తెలిసిందిరా?"

"ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, టక్కున ఆగిపోతోంది. పదిహేనుసార్లు చూశాను."

"ఎన్ని సెకన్లకి ఆగుతోంది?"

అవతల నిశ్శబ్దం. పదిహేనుసార్లు ఆన్ చేసిన కుర్రాడు ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

వాడిది బీటెక్ చివరి సంవత్సరం. రెండేళ్లు పక్కింటి పిల్లలకి ట్యూషన్ చెప్పి కూడబెట్టిన డబ్బుతో కంప్యూటర్ సొంతంగా బిగించుకుంటానని పట్టుబట్టాడు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనమంతా సీటీసీ అంటామే, అక్కడ మూడు శనివారాలు మెట్లెక్కి దిగాడు. దుకాణం దుకాణానికీ రేటు కనుక్కుని ప్రాసెసర్ ఒకచోట, మదర్‌బోర్డు ఇంకోచోట, క్యాబినెట్ మరోచోట కొన్నాడు. ఆ శనివారం సాయంత్రం ఆరింటికి కూర్చుని పదింటికి బిగించడం ముగించాడు. బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. "అమ్మా, చూడు" అని పిలిచాడు. అక్క వంటింట్లోంచి వచ్చేలోపే ఆగిపోయింది.

ఆ క్షణం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అసలు ఆన్ కాకపోతే అదొక బాధ. ఆన్ అయి ఆగిపోతే నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయినట్టుంటుంది. అప్పుడిక మనిషి ఆలోచించడు. మళ్లీ నొక్కుతాడు. ఇంకోసారి నొక్కుతాడు. ఈసారి నిలబడుతుందేమో అని పదహారోసారి నొక్కుతాడు.

ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బిగిస్తున్నాను, విప్పుతున్నాను. బిగించడం చాలామందికి వస్తుంది. వీడియో చూసి బిగించేవాళ్లున్నారు, పక్కవాడు చేస్తుంటే చూసి నేర్చుకునేవాళ్లున్నారు. తాను ఇష్టపడి బిగించినదాన్ని తానే, చేతులారా, మొదటి స్క్రూ దాకా విప్పడం మాత్రం కొద్దిమందికే వస్తుంది. ఆ పని చేయగలిగినవాళ్లు ఎక్కడికెళ్లినా నిలదొక్కుకోవడం నేను చూశాను. దుకాణం పెట్టినా అంతే, ఉద్యోగంలో చేరినా అంతే. మీ కొత్త కంప్యూటర్ లేచి పడిపోతుంటే, దయచేసి దాన్ని శిక్షగా తీసుకోకండి. ఆ విద్య నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన చోటు దొరకదు.

ముందు ప్లగ్ తీసి పడుకోండి

ఆ రాత్రి వాడికి చెప్పింది ఇదే. "గోడ స్విచ్ ఆపు, ప్లగ్ తీసెయ్, పడుకో. పొద్దున్నే వస్తాను. ప్రాసెసర్ జోలికి మాత్రం వెళ్లకు."

ఎందుకంటే నిద్రమత్తులో ఉన్న చెయ్యి నిమిషంలో చేసే నష్టం, షార్ట్ సర్క్యూట్ కూడా చేయదు. మదర్‌బోర్డు సాకెట్‌లో వెంట్రుకల్లాంటి పిన్‌లు వందలకొద్దీ ఉంటాయి. ప్రాసెసర్‌ని కాస్త వంకరగా దించితే చాలు, రెండు పిన్‌లు వంగిపోతాయి. అలా వంగితే మామూలుగా వారంటీ ఇవ్వరు. అప్పటిదాకా పది రూపాయల్లో తేలిపోయే సమస్య పదివేలదవుతుంది. రాత్రి పదకొండు దాటాక చేతిలో స్క్రూడ్రైవర్, మనసులో కోపం రెండూ ఉన్నాయంటే స్క్రూడ్రైవర్ కింద పెట్టండి. రాజీనామా లేఖ, చుట్టాలకి ఘాటుగా వాట్సాప్ మెసేజ్, వీటికీ ఇదే వర్తిస్తుంది. కోపం ఎక్కడికీ పోదు, పొద్దున దాకా ఆగనివ్వండి.

ఇంకో మాట. "ఎస్‌ఎంపీఎస్ పోయింది" అని, అంటే కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టె పోయిందని వాడు అన్నాడే, అది కనిపెట్టి అన్నది కాదు. భయమేసి అన్నది. తప్పు ఎక్కడో ఒకచోట వేసేస్తే గుండె దడ తగ్గుతుంది. మా అమ్మ అయితే "పిల్లాడు వారం నుంచీ అందరికీ చెప్పుకుంటున్నాడు, దిష్టి తగిలింది" అని నిమ్మకాయ తిప్పింది. ఆమె ప్రేమకి దండం. కానీ ఎస్‌ఎంపీఎస్ అన్నా, దిష్టి అన్నా, విచారణ లేకుండా ఇచ్చిన తీర్పులే. పరీక్ష తప్పగానే "పేపర్ సరిగా దిద్దలేదు" అనడం, ఇంటర్వ్యూలో పోగానే "వాళ్లకి ముందే మనుషులున్నారు" అనడం కూడా ఈ కోవలోవే. ఒక్కోసారి అదే నిజం కావచ్చు. అయితే విచారణ జరిగాక అనండి.

గడియారం చెప్పే సాక్ష్యం

ఆదివారం పొద్దున మల్కాజ్‌గిరిలో వాళ్లింటికి వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ నిండా అట్టపెట్టెలే. అక్క ఇడ్లీ పళ్లాలు స్టూలు మీద పెట్టింది. నేను అడిగిన మొదటి వస్తువు పాత నోటు పుస్తకం. రెండోది వాడి ఫోన్‌లో స్టాప్‌వాచ్.

ఆగిపోయే యంత్రం ఎప్పుడు ఆగుతోందన్నదే మొదటి సాక్ష్యం. ఈ ముక్క ఎంత చెప్పినా తక్కువే.

బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి, సెకనైనా నిలవకుండా చచ్చిపోతే ముందు షార్ట్‌ని అనుమానించాలి. ఎస్‌ఎంపీఎస్ తనని తాను కాపాడుకుంటోందన్నమాట. క్యాబినెట్ రేకుకీ బోర్డుకీ మధ్య ఎడం ఉండడానికి స్టాండాఫ్‌లనే చిన్న ఇత్తడి కాళ్లు బిగిస్తాం. బోర్డుకి రంధ్రం లేనిచోట ఒక కాలు అదనంగా మిగిలిపోతే అది వెనకవైపు టంకాలకి తగులుతుంది. బిగిస్తున్నప్పుడు చేజారి బోర్డు కిందికి దొర్లిపోయిన ఒక్క స్క్రూ చాలు. ఇలా ఆగిన ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని వెంటనే మళ్లీ లేవవు కూడా. ప్లగ్ తీసి కాసేపు వదిలేస్తేగానీ లోపలి రక్షణ సర్క్యూట్ మామూలు స్థితికి రాదు. అది తెలియక పూర్తిగా కాలిపోయిందనుకుని కొత్తది కొనేసినవాళ్లని చూశాను.

రెండు మూడు సెకన్లు తిరిగి ఆగి, మళ్లీ తనంతట తానే లేచి, మళ్లీ ఆగుతుంటే వేరే కథ. 24 పిన్‌ల పెద్ద కేబుల్ అందరూ పెడతారు. ప్రాసెసర్‌కి విడిగా కరెంటిచ్చే 8 పిన్‌ల కేబుల్ ఇంకోటుంటుంది. అది బోర్డు పైమూలన, కూలర్ చాటున ఉంటుంది. జనం మరిచిపోయేది దాన్నే. గ్రాఫిక్స్ కార్డు కేబుల్ కూడా 8 పిన్‌లదే, చూడ్డానికి ఒకేలా ఉంటుంది. ప్రాసెసర్‌ది 4, 4గా విడిపోతుంది. కార్డుది 6, 2గా విడిపోతుంది. దూరకపోతే బలవంతంగా తొయ్యకండి. లేదా ర్యామ్ సరిగా కూర్చోలేదు. కొత్త బోర్డులో ర్యామ్ కూర్చోవడానికి మనం అనుకున్నదానికంటే ఎక్కువ బలం కావాలి. "ఇంత నొక్కితే విరుగుతుందేమో" అని సగంలో ఆపేస్తాం. 'టిక్' మని చప్పుడు వినిపించే దాకా అది కూర్చున్నట్టు కాదు.

అర నిమిషం, రెండు నిమిషాలు బాగా నడిచి ఆగితే వేడి. ప్రాసెసర్ సుమారు 95, 100 డిగ్రీల దగ్గర తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే కాలిపోకుండా మొత్తం ఆపేస్తుంది. కూలర్ అడుగున అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ కాగితం తియ్యకుండా బిగిస్తే ఇదే జరుగుతుంది. కూలర్ నాలుగు కాళ్లలో ఒకటి సరిగా దిగకపోయినా ఇదే.

ఆట మొదలుపెట్టినప్పుడే ఆగుతుంటే బరువు చూడండి. కార్డు అడిగినంత కరెంటు ఎస్‌ఎంపీఎస్ ఇవ్వగలదా? కరెంటు పోయి యూపీఎస్ మీదికి వెళ్లిన క్షణంలో ఆగుతుంటే యూపీఎస్ చూడండి. మన ఇళ్లల్లో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల వరకే. గేమ్స్ ఆడే కంప్యూటర్ దాన్ని సులువుగా దాటేస్తుంది. ఫ్రిజ్ మోటారు లేచినప్పుడల్లా పడిపోతుంటే గోడ సాకెట్‌లో ప్లగ్ వదులుగా ఉందేమో, స్పైక్ బస్టర్ పాతబడిందేమో చూడండి. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లకి జిల్లుమంటే ఇంటికి ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ నుంచి అతి కొద్ది కరెంటు రేకులోకి వస్తుంది. ఎర్తింగ్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మీ వేళ్లల్లోకి. దాన్ని ఊరికే వదిలెయ్యకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

దోషం లేకుండా దోషంలా కనిపించేది కూడా ఒకటుంది. డీడీఆర్5 ర్యామ్ పెట్టిన కొత్త కంప్యూటర్ మొదటిసారి లేచినప్పుడు ఆ ర్యామ్‌ని కొలిచి, సర్దుకుని, అలవాటు చేసుకుంటుంది. కొన్ని బోర్డుల్లో దీనికి నిమిషాలే పడుతుంది. అంతసేపూ తెర నల్లగా ఉంటుంది. మధ్యలో ఒకట్రెండుసార్లు తానే ఆగి లేవచ్చు కూడా. కంగారుపడి ప్లగ్ పీకితే మళ్లీ మొదటికి. అందుకే మొదటిసారి ఆన్ చేశాక ఫ్యాన్లు తిరుగుతూ ఉంటే కుర్చీలోంచి లేచి టీ పెట్టుకోండి. కొత్త ఉద్యోగంలో చేరిన కుర్రాడు రెండో వారంలోనే పనికిరాడని తేల్చేసే యజమానులకి కూడా నేనిదే చెబుతాను.

మా వాడి కంప్యూటర్‌కి అయిదుసార్లు స్టాప్‌వాచ్ పెట్టాం. నోటు పుస్తకంలో వాడే రాశాడు. 4, 4, 4, 4, 4.

అయిదుసార్లూ నాలుగే. షార్ట్ ఇంత పద్ధతిగా లెక్కపెట్టుకుని ఆగదు, వేడీ ఆగదు. నాకు అప్పుడే ఒక అనుమానం వచ్చింది. బయటికి అనలేదు. నాది కూడా అప్పటికి అనుమానమే కదా. ఎస్‌ఎంపీఎస్ పోయిందని వాడు అనడానికీ, ఫలానాది అని నేను అనడానికీ మధ్య అనుభవం తేడా ఉంది కానీ రుజువు ఇద్దరి దగ్గరా లేదు.

కత్తెర

"ఇప్పుడేం చేద్దాం మావయ్యా?"

"అంతా విప్పు."

వాడి ముఖం వాడిపోయింది. క్యాబినెట్ వెనక వైర్లన్నీ జిప్ టైలతో ఎంత ముచ్చటగా కట్టుకున్నాడో! జడ అల్లినట్టు ఒక్కో మలుపులో ఒక్కో టై. ఫోటో తీసి స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాడు.

"ముందు ర్యామ్ ఒక్కటి తీసి చూద్దాం మావయ్యా." అన్నాడు. "పోనీ నేను సీటీసీకి వెళ్లి ఎస్‌ఎంపీఎస్ మార్పించుకొస్తా, పెట్రోలు ఖర్చే కదా." "అదీ కాకపోతే ఇంకో రెండు వేలు వేసి పెద్దది తెస్తా."

గమనించారా? డబ్బు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు, ఎండలో బండేసుకుని వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాడు. తను కట్టింది విప్పడానికి మాత్రం మనసొప్పడం లేదు. ఇది వాడొక్కడి బలహీనత కాదు. నాలుగు గంటలు పెట్టి కట్టినదాంట్లో మనం కొంచెం ఉండిపోతాం. విప్పితే ఆ నాలుగు గంటలు వృథా అని ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ గంటలు ఎక్కడికీ పోవు. మొదటిసారి నాలుగు గంటలు పట్టిన పని రెండోసారి గంటలో అవుతుంది. మిగతా మూడు గంటలూ వేళ్లల్లోకి చేరి ఉంటాయి.

అక్క వంటింటి కత్తెర తెచ్చిచ్చింది, పాల ప్యాకెట్లు కత్తిరించేది. మొదటి టై దగ్గర వాడి చెయ్యి ఆగింది. ఒకసారి ఊపిరి తీసుకుని కోశాడు. టిక్. వైరు వదులై కిందికి వాలింది. రెండోది కోయడానికి అంతసేపు పట్టలేదు. నాలుగోది వచ్చేసరికి ఈల వేస్తున్నాడు.

ఇక విప్పడం ఎంతవరకు? యంత్రం బతకడానికి ఎంత తక్కువ కావాలో అంతవరకు. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డు పరిచాం. వెండిరంగు సంచీ మీద మాత్రం పెట్టకండి, వాటిలో కొన్నిటికి పైపూత కరెంటుని పారిస్తుంది. బోర్డు మీద ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ ముక్క. ఆ ర్యామ్ ఏ గాడిలో పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది. నాలుగు గాళ్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్‌ల కేబుల్, 8 పిన్‌ల కేబుల్. తెరకి బొమ్మ ఇవ్వగలిగే ప్రాసెసర్ కాబట్టి గ్రాఫిక్స్ కార్డు కూడా పక్కన పెట్టేశాం. అలాంటి ప్రాసెసర్ కాకపోతే కార్డు ఉంచాల్సిందే. డిస్క్ లేదు, క్యాబినెట్ ఫ్యాన్లు లేవు, అసలు క్యాబినెట్టే లేదు.

"బటన్ లేదుగా, ఎలా ఆన్ చేస్తాం?"

బోర్డు అంచున పవర్ స్విచ్ అని గుర్తున్న రెండు పిన్‌లు చూపించాను. ఆ రెండిటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే చాలు. బటన్ చేసే పని కూడా అంతే. అక్కడ ఉండేది అయిదు వోల్ట్‌ల లోపే కాబట్టి షాక్ కొట్టదు. అయినా వాడి చెయ్యి వణికింది. కలిపాడు.

ఫ్యాన్ లేచింది. వాడు పైకి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అక్క ఇడ్లీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. అయిదు. ఆరు. పదకొండు. ఇరవై దాటాక వాడు లెక్కపెట్టడం మానేశాడు. ఎదురుగా టీవీ తెర మీద బయాస్ పేజీ వచ్చింది.

ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉంది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కూడా బాగానే ఉన్నాయి.

ఒక్కొక్కటే

వాడికి రెక్కలొచ్చాయి. అన్నీ ఒక్కసారే బిగించేద్దామన్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఒక వస్తువు పెట్టాలి, ఆన్ చేయాలి, ఒక నిమిషం చూడాలి, ఆపాలి, పుస్తకంలో రాయాలి. ప్లగ్ తీశాకే ఇంకోటి పెట్టాలి.

ఒక్కొక్కటే ఎందుకంటే, నాకెప్పుడూ గుర్తొచ్చే సంగతి ఒకటుంది. మా వీధిలో ఒకాయన కర్రీ పాయింట్ పెట్టాడు. మంచి మనిషి, కష్టపడే మనిషి. రెండో నెలకే అమ్మకాలు పడిపోయాయి. కంగారులో ఒక్క వారంలో వంటమనిషిని మార్చాడు, రేట్లు తగ్గించాడు, పొద్దున పదకొండింటికి తెరిచేదాన్ని తొమ్మిదింటికి తెరిచాడు, కొత్త ఫ్లెక్సీ కట్టాడు. అమ్మకాలు పెరిగాయి. దేనివల్ల పెరిగాయో మాత్రం ఆయనకి తెలియలేదు. మూడు నెలలకి ఆ వంటమనిషి జీతం రెట్టింపు అడిగితే ఇవ్వక తప్పలేదు, అతనివల్లే నడుస్తోందేమో అన్న భయం. పొద్దున్నే ఆఫీసులకి వెళ్లేవాళ్లు బాక్సుల్లో కూరలు పట్టుకెళ్తున్నారని, తొమ్మిదింటికి తెరవడమే కలిసొచ్చిందని చాలా తర్వాత తెలిసింది. ఒక్కో వారం ఒక్కోటి మార్చి ఉంటే ఆ డబ్బంతా మిగిలేది. నాకిప్పటికీ ఆయన విషయంలో బాధే.

రాసుకోవడం గురించి కూడా ఒక మాట. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డ్‌లో మార్క్ 2 అనే భారీ కంప్యూటర్ మొరాయించింది. ఇంజనీర్లు వెతికితే ఒక రిలేలో చిమ్మట ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి పారేయలేదు. టైమ్ వేసి, ఏ రిలేలో దొరికిందో రాసి, ఆ పురుగునే టేపుతో లాగ్ పుస్తకంలో అంటించారు. ఆ పుస్తకం ఇప్పుడు స్మిత్సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఉంది. పురుగు సంగతి అందరూ చెబుతారు. నాకు నచ్చేది ఆ పుస్తకం. అంత పెద్ద యంత్రాన్ని నడిపేవాళ్లు కూడా జ్ఞాపకాన్ని నమ్ముకోలేదు, కాగితాన్నే నమ్మారు. పదిహేనుసార్లు బటన్ నొక్కి ఒక్క ముక్క రాయకపోతే ఒక్కసారి నొక్కినట్టే లెక్క.

మా వాడు రాశాడు. రెండో ర్యామ్ పెట్టాను, నడిచింది. డిస్క్ పెట్టాను, నడిచింది. గ్రాఫిక్స్ కార్డు పెట్టాను, నడిచింది. తర్వాత బోర్డుని క్యాబినెట్‌లోకి దించాం. దించేముందు ఇత్తడి కాళ్లు లెక్కపెట్టాం, బోర్డు రంధ్రాలు లెక్కపెట్టాం, సరిపోయాయి. మళ్లీ స్క్రూడ్రైవర్‌తోనే ఆన్ చేశాం. నడిచింది. ఇక మిగిలింది క్యాబినెట్ ముందు బటన్ నుంచి వచ్చే సన్నటి వైరు. అది పిన్‌లకి తగిలించి బటన్ నొక్కాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగిపోయింది.

వాడు నావైపు చూశాడు, బటన్ వైపు చూశాడు. వంగి, వేలితో దాని అంచు తడిమాడు. నొక్కిన బటన్ లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. వేలితో కదిపితేగానీ బయటికి రాలేదు.

పాతకాలం కంప్యూటర్లలో ముందు బటన్ నేరుగా కరెంటునే ఆపేది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి వచ్చాక బటన్ కేవలం బోర్డుకి కబురు పంపుతుంది. ఒక్కసారి తాకితే "లే" అని. నాలుగు సెకన్లకి మించి నొక్కి పట్టుకుంటే "ఏం చేస్తున్నా సరే, వెంటనే ఆగిపో" అని. యంత్రం బిగుసుకుపోయినప్పుడు మనమంతా చేసేది అదే కదా. వీడి బటన్ ఇరుక్కుపోయి, ఆన్ చేసిన వేలే ఇంకా నొక్కి పట్టుకున్నట్టు బోర్డుకి చెబుతూ ఉంది. బోర్డు చెప్పిన మాట విన్నది. నాలుగు సెకన్లు ఆగి, బుద్ధిగా ఆగిపోయింది.

ఎందుకు ఇరుక్కుంది? శనివారం సాయంత్రం ముందువైపు ఫ్యాన్ బిగించడానికి వాడే ఆ ప్లాస్టిక్ ప్యానెల్‌ని గట్టిగా లాగాడు. కింద ఒక క్లిప్పు విరిగింది. ప్యానెల్ కాస్త వంకరగా కూర్చుని బటన్‌ని ఒరుసుకుంటోంది. తన చేతి పనే అని తెలిశాక వాడు కుంగిపోతాడేమో అనుకున్నాను. ఆ విరిగిన క్లిప్పుని వేళ్ల మధ్య తిప్పుతూ, "ఇదా!" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. రాత్రి "ఎస్‌ఎంపీఎస్ పోయింది" అన్నప్పుడు ఆ ముఖంలో లేని వెలుగు అది. తప్పు మనదే అయినా దొరికితే హాయిగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని సరిచేయడం మన చేతిలోనే ఉంటుంది.

దొరకకపోయి ఉంటే?

అట్టపెట్టె మీద కూడా నాలుగు సెకన్లకే ఆగిపోయి ఉంటే మా దగ్గర ఇంకో ఎస్‌ఎంపీఎస్ లేదు, ఇంకో బోర్డు లేదు. అప్పుడు దుకాణానికి వెళ్లడమే. వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు. కాకపోతే ఎలా వెళ్తారన్నది ముఖ్యం. కౌంటర్ దగ్గర "మీరు పాడైంది అంటగట్టారు" అంటే అవతలివాడు వెంటనే గోడ కడతాడు. ఆ నోటు పుస్తకంలో పేజీ చూపించి, "క్యాబినెట్ బయట పెట్టి చూశాను, ఒక్క ర్యామ్‌తో చూశాను, రెండు ర్యామ్‌లూ మార్చి చూశాను, ప్రతిసారీ ఇన్ని సెకన్లకి ఆగుతోంది. అన్నా, మీ దగ్గరున్న ఎస్‌ఎంపీఎస్‌తో ఒక్కసారి చూద్దామా?" అనండి. రోజుకి వందమంది అరుపులు వినే మనిషి మీ కోసం కుర్చీ జరుపుతాడు. నేను చాలాసార్లు చూశాను. పని చేసి వచ్చినవాడికి పని తెలిసినవాడు ఇచ్చే మర్యాద అది.

దయచేసి రెండు పనులు మాత్రం చేయకండి. ఎస్‌ఎంపీఎస్ పెట్టె మూత విప్పకండి. ప్లగ్ తీసినా అందులో కెపాసిటర్లు ప్రాణం తీయగల ఛార్జిని పట్టుకుని ఉంటాయి. అలాగే స్నేహితుడి ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు తెచ్చి మీ ఎస్‌ఎంపీఎస్‌కి తగిలించకండి. అటువైపు పిన్‌ల వరస ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఒక్క క్షణంలో బోర్డు, డిస్క్ అన్నీ కాలిపోగలవు. అన్నీ మన చేత్తోనే విప్పాలన్న పట్టుదల మంచిదే, ఈ రెండుచోట్లా దాన్ని పక్కన పెట్టండి.

మా వాడి విషయానికొస్తే, విరిగిన క్లిప్పుకి బదులు ఆదివారం నాడు ఎక్కడ దొరుకుతుంది? వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. నేను చెప్పలేదు. క్యాబినెట్ ముందు పెద్ద బటన్ కింద చిన్న రీసెట్ బటన్ ఉంది. అది బాగానే నొక్కుకుంటోంది, బాగానే బయటికొస్తోంది. దాని వైరు కూడా చేసేది రెండు పిన్‌లని కలపడమే కదా. పవర్ బటన్ వైరు పీకేసి రీసెట్ వైరుని పవర్ పిన్‌లకి తగిలించాడు. వైర్లన్నీ మళ్లీ సర్ది, ఈసారి గంటలోపే, కొత్త జిప్ టైలు వేశాడు. మూత మాత్రం రెండు రోజులు పెట్టలేదు.

మొన్న పండక్కి వెళ్తే అక్క ఆ కంప్యూటర్ ముందు కూర్చుని కరెంటు బిల్లు కట్టబోతోంది. పెద్ద బటన్ మీద వేలు పెట్టబోయి, ఆగి, కిందికి జరిపింది.

"చిన్నదేగా నొక్కాల్సింది?" అంది.